ఆ డాక్టర్ ఎవరి మనిషి?

రెండేళ్ళ కిందట ఆగస్టులో మా అక్క టెక్సస్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ బడులు తెరిచే రోజులు. "ఒరేయ్, వీడు స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరతానని ఒకటే గొడవ. కట్టెడు ఫారాలు పంపారు. అందులో ఒకటి తలకి తగిలే దెబ్బల గురించి. చదువుతుంటే కాళ్ళు వణుకుతున్నాయి. సంతకం పెట్టమంటావా, వద్దంటావా?" అంది.

ఫారం ఫొటో తీసి పంపింది. కన్‌కషన్ అంటే ఏమిటి, ఏ లక్షణాలు కనిపిస్తే అనుమానించాలి, దెబ్బ తగిలాక ఏం చేస్తారు అన్నీ వరసగా ఉన్నాయి. కింద పిల్లాడి సంతకానికి ఒక గీత, తల్లిదండ్రుల సంతకానికి ఒక గీత. ఆ కాగితం వెనక టెక్సస్ శాసనసభ 2011లో చేసిన చట్టం ఉంది. ఆడే పిల్లాడి మెదడు అదిరిందన్న, అంటే కన్‌కషన్ అయిందన్న అనుమానం వస్తే చాలు, వెంటనే ఆట ఆపించి పక్కకి తీసుకురావాలి. డాక్టర్ రాసిచ్చేదాకా మళ్ళీ దింపకూడదు. ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటుంది: మళ్ళీ ఆడించే నిర్ణయం కోచ్ తీసుకోకూడదు. గెలవాలన్న తొందర ఎవరికి ఎక్కువో తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టకూడదని ఆ చట్టం రాసినవాళ్ళు గ్రహించారు.

అక్క ఇంకో ప్రశ్న వేసింది. "పిల్లలకే ఇంత పకడ్బందీగా ఉంటే, టీవీలో ఆడే ఆ పెద్దాళ్ళకి ఇంకెంత ఉంటుందో!"

ఉండాలి. కానీ లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్; ఈ ఫుట్‌బాల్ మనకి తెలిసినది కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఒకరినొకరు ఢీకొడుతూ ఆడేది. ఆ లీగ్‌లో ఆడే మనిషి తలకి దెబ్బ తగిలితే ఏం చేయాలో చెప్పే ఫెడరల్ చట్టం అమెరికాలో లేదు. ఎనిమిదో తరగతి కుర్రాడికి ప్రభుత్వం రాసిచ్చిన హామీ, అదే ఆటని ఉద్యోగంగా చేసుకున్న ముప్ఫై ఏళ్ళవాడికి లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు దెబ్బ సంగతి. మనకి కన్‌కషన్ అన్న మాట క్రికెట్‌తో అలవాటైంది. 2019లో లార్డ్స్ టెస్టులో స్టీవ్ స్మిత్‌కి బంతి తగిలాక అతని బదులు లబుషేన్ బ్యాటింగ్‌కి దిగినప్పుడు చాలామంది మొదటిసారి విన్నారు. మెదడు పుర్రెలో ద్రవం మధ్య తేలుతూ ఉంటుంది. వేగంగా పోతున్న ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలిపడతారు చూడండి, తల టక్కున ఆగినప్పుడు లోపల మెదడు కూడా అలాగే తూలుతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపలి తూలుడిని ఆపలేదు. ఈ దెబ్బ మామూలు స్కాన్‌లో చాలాసార్లు కనిపించదు. ఎముక విరిగితే ఎక్స్‌రే చూపిస్తుంది, వాదన ఉండదు. ఇక్కడ ఆటగాడు నిజం చెప్పాలి, డాక్టర్ నిజం చూడాలి. ఆటగాడికి చోటు పోతుందన్న భయం. మరి డాక్టర్‌కి? ఆయన జీతం ఎవరిస్తున్నారు? ఈ గొడవ మొత్తం తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది.

2002 సెప్టెంబరులో మైక్ వెబ్‌స్టర్ చనిపోయాడు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో ఏళ్ళ తరబడి సెంటర్ అనే స్థానంలో ఆడి, నాలుగు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచినవాడు. 50 ఏళ్ళకే పోయాడు. ఆఖరి రోజుల్లో జ్ఞాపకం చెదిరిపోయి, ఉండడానికి చోటు లేక నానా అవస్థలు పడ్డాడు. శవపరీక్ష చేసిన యువ డాక్టర్ బెనెట్ ఒమాలు నైజీరియా నుంచి వలస వచ్చినవాడు, ఫుట్‌బాల్ పిచ్చి లేనివాడు. మెదడు పైకి మామూలుగానే కనిపించింది. ఆయన అక్కడితో వదిలేయకుండా పలచటి పొరలుగా కోయించి మైక్రోస్కోపు కింద చూశాడు. బాక్సర్లలో ఎప్పుడో గుర్తించిన జబ్బు, సీటీఈ, కనిపించింది. తలకి పదేపదే దెబ్బలు తగిలితే మెదడు కణాలు మెల్లగా చచ్చిపోయే జబ్బు అది. 2005లో ఆ సంగతి వైద్య పత్రికలో ప్రచురించాడు.

ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని ఎన్‌ఎఫ్‌ఎల్ సొంత కమిటీ సభ్యులు పత్రికకి ఉత్తరం రాశారు. 1994లో లీగ్ వేసుకున్న ఆ కమిటీ పని మెదడు గాయాల మీద పరిశోధన. అధ్యక్షుడు ఇలియట్ పెల్‌మన్ చదివింది కీళ్ళ జబ్బుల వైద్యం. అదీకాక న్యూయార్క్ జెట్స్ అనే జట్టుకి డాక్టర్. కన్‌కషన్ అయిన ఆటగాణ్ణి అదే మ్యాచ్‌లో మళ్ళీ దింపినా పెద్ద ప్రమాదం లేదని ఆ కమిటీ 2005లో రాసింది. హైస్కూలు, కాలేజీ పిల్లల విషయంలోనూ ఇది వర్తించవచ్చని కూడా సూచించింది. ఆ మరుసటి ఏడాది, 2006 అక్టోబరులో, వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ళ పిల్లాడికి మ్యాచ్‌లో తల నేలకి కొట్టుకుంది. కాసేపు కూర్చోబెట్టి రెండో సగంలో మళ్ళీ దింపారు. ఆట అయ్యాక కుప్పకూలాడు. పుర్రె తెరిచి ఆపరేషన్ చేశారు. బతికాడు గానీ మాటలూ నడకా మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకోవాల్సొచ్చింది. ఆ పిల్లాడి పేరు మీదే 2009 మే నెలలో వాషింగ్టన్ రాష్ట్రం దేశంలో మొదటి కన్‌కషన్ చట్టం చేసింది. 2014 నాటికి 50 రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు వచ్చేశాయి. అక్క చేతిలోకి వచ్చిన ఫారం పుట్టుక అదీ. పిల్లల విషయానికొచ్చేసరికి ప్రభుత్వాలు వెనకాడలేదు. పిల్లాడు తన ప్రమాదాన్ని తనే ఒప్పుకోలేడు కదా, అక్కడ ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పెద్దాళ్ళ దగ్గరే చిక్కంతా. ఫ్యాక్టరీలో మిషన్‌కి గార్డు లేకపోతే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. అమెరికాలో ఆ పని ఓషా అనే సంస్థది. ప్రాణం తీసే, తీవ్రంగా గాయపరిచే ప్రమాదాలు లేని పనిచోటు ఇవ్వడం యజమాని బాధ్యత అని 1970 నాటి చట్టం చెబుతోంది. స్టేడియం కూడా పనిచోటే, ఆటగాడూ ఉద్యోగే. అయినా ఓషా మాత్రం టాక్లింగ్ (ఎదుటివాణ్ణి పట్టుకుని కిందపడేయడం) మీద గానీ కన్‌కషన్ మీద గానీ ఒక్క నియమమూ చేయలేదు.

ఈ ప్రశ్న ఒకసారి కోర్టుకెక్కింది, అదీ ఫుట్‌బాల్ కేసులో కాదు. 2010 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని సీవరల్డ్ పార్కులో ఒక ఓర్కా తిమింగలం తన ట్రైనర్‌ని నీళ్ళలోకి లాగి చంపేసింది. ఓషా ఆ కంపెనీకి జరిమానా వేసింది. చివరికి తేలిన మొత్తం 12,000 డాలర్లే గానీ, కంపెనీ పట్టుబట్టి అప్పీలుకి వెళ్ళింది. 2014లో రాజధాని వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఇద్దరు జడ్జీల మెజారిటీతో ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. విభేదించిన మూడో జడ్జి బ్రెట్ కావనా, తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్ళినాయన. ఆయన వాదన సూటిగా ఉంది: ప్రమాదమే ఆకర్షణగా ఉన్న ప్రదర్శనని ప్రభుత్వం సరిదిద్దడం మొదలుపెడితే, రేపు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టాక్లింగ్‌నీ, కార్ల రేసుల్లో వేగాన్నీ కూడా కార్మిక శాఖే నిర్ణయిస్తుందా? దానికి మెజారిటీ జడ్జీలు ఒప్పుకోలేదు. ఫుట్‌బాల్‌లో ఒకరినొకరు గుద్దుకోవడం ఆటలో అంతర్భాగం, తిమింగలం షోలో ట్రైనర్ జంతువుకి అంత దగ్గరగా ఉండడం అలాంటిది కాదు అన్నారు.

ఆ గీత గీయడం బాగానే ఉంది. కానీ ఆ మాటని పట్టుకుని మొత్తం లీగ్‌నే ప్రభుత్వ పరిధి అవతలికి నెట్టేయడం నాకు మింగుడుపడదు. గుద్దుకోవడం ఆటే, ఒప్పుకుంటాను. గుద్దుకుని తూలుతున్నవాణ్ణి పది నిమిషాల్లో మళ్ళీ దింపడం ఆటా? వారంలో ఎన్ని రోజులు ఒంటికి ప్యాడ్లు కట్టి ప్రాక్టీసులో ఢీకొట్టించాలన్నది ఆటా? గాయాన్ని చూసే డాక్టర్‌ని ఎవరు పెట్టాలన్నది ఆటా? ఇవన్నీ యాజమాన్యం నిర్ణయాలు. ఏ ఫ్యాక్టరీలోనైనా ఇన్‌స్పెక్టర్ అడిగేవి ఇలాంటివే.

ప్రస్తుతం ఆ నిర్ణయాలు జరిగే చోటు వేరు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో యజమానులూ ఆటగాళ్ళ యూనియనూ కూర్చుని రాసుకునే ఒప్పందంలోనే భద్రత కూడా తేలుతుంది. 2011 ఒప్పందంలో సీజన్ మొత్తానికి ప్యాడ్లతో ఢీకొట్టే ప్రాక్టీసులు 14కి మించకూడదని రాసుకున్నారు. అది నిజంగా మంచి మార్పు, ఏ ప్రభుత్వమూ చెప్పకుండానే వచ్చింది. అయితే బేరం అన్నాక జీతమూ భద్రతా ఒకే తక్కెడలో పడతాయి. 2020లో యజమానులు 16 మ్యాచ్‌ల సీజన్‌ని 17 చేస్తామన్నారు, బదులుగా ఆదాయంలో వాటా పెంచుతామన్నారు. ఆటగాళ్ళు ఓటేశారు: ఔనన్నవాళ్ళు 1,019, కాదన్నవాళ్ళు 959. కేవలం అరవై ఓట్ల తేడాతో ప్రతి ఒక్కరి తలకీ ఏడాదికి ఒక మ్యాచ్ దెబ్బలు అదనంగా వచ్చి చేరాయి. పైగా గాయపడినవాడు కోర్టుకి వెళ్తే, ఇది ఒప్పందానికి సంబంధించిన గొడవ, అక్కడే తేల్చుకోండని లీగ్ లాయర్లు అడ్డుపడతారు. కార్మిక చట్టం వాళ్ళకి ఆ దారి ఇచ్చింది.

మరి ప్రభుత్వం చేతిలో ఏమీ లేదా? ఉంది, అదీ పక్కదారిలో. 1961లో అమెరికన్ కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, ఒక చట్టం చేసింది. జట్లన్నీ కలిసి టీవీ హక్కుల్ని గంపగుత్తగా అమ్ముకోవచ్చు, గుత్తాధిపత్య నిరోధక చట్టం వాటికి అడ్డురాదు అని. మామూలు వ్యాపారాల్లో పోటీదారులు ఇలా కలిసి ధర చెబితే కేసవుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ సంపదకి పునాది ఆ మినహాయింపే. ఇచ్చిన చేయి తిరిగి తీసుకోగలదు కూడా.

2009 అక్టోబరు 28న ప్రతినిధుల సభ న్యాయవ్యవహారాల కమిటీ ముందు ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ రోజర్ గుడెల్ కూర్చున్నాడు. ఫుట్‌బాల్‌కీ మెదడు జబ్బులకీ సంబంధం ఉందా అని ఛైర్మన్ జాన్ కాన్యర్స్ అడిగాడు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు, అది వైద్య నిపుణులు తేల్చాలన్నాడు. సిగరెట్ వల్ల జబ్బులు రావని పొగాకు కంపెనీలు ఒకప్పుడు చెప్పినట్టుంది మీ వాలకం అని కమిటీ సభ్యురాలు లిండా సాంచెజ్ అన్నారు. మరో సభ్యురాలు మ్యాక్సీన్ వాటర్స్ ఇంకా సూటిగా వెళ్ళారు: మీకిచ్చిన మినహాయింపు సంగతి కాంగ్రెస్ మళ్ళీ చూడాల్సొస్తుంది అన్నారు.

అదే రోజు సాక్ష్యం చెప్పిన గే కల్వర్‌హౌస్ మాటలు మాత్రం నా మనసులో ఉండిపోయాయి. ఆవిడ తండ్రి ఒకప్పుడు టాంపా బే జట్టు యజమాని, ఆవిడ స్వయంగా ఆ జట్టు అధ్యక్షురాలిగా పనిచేశారు. జట్టు డాక్టర్‌ని పెట్టుకునేది కోచ్, జీతమిచ్చేది జట్టు ఆఫీసు, ఆ డాక్టర్ ఆటగాడి పక్షాన ఉండడు అని ఆవిడ కమిటీ ముందు చెప్పారు. యజమాని కూతురే అన్న మాట అది.

నెల తిరక్కుండానే లీగ్ మెదడు గాయాల కమిటీకి అప్పటికి ఉన్న ఇద్దరు సహాధ్యక్షులూ రాజీనామా చేశారు. డిసెంబరు మొదట్లో, కన్‌కషన్ లక్షణాలు కనిపించినవాణ్ణి ఆ రోజు మళ్ళీ దింపకూడదని కొత్త నియమం వచ్చింది. అదే నెలలో లీగ్ ప్రతినిధి మొదటిసారిగా, కన్‌కషన్లు దీర్ఘకాలిక సమస్యలకి దారితీయగలవని ఒప్పుకున్నాడు. పదిహేనేళ్ళు డాక్టర్లు మొత్తుకున్నా కదలనిది రెండు నెలల్లో కదిలింది. ఒక్క చట్టమూ పాసవలేదు. అసలు ఫుట్‌బాల్‌తో అమెరికా ప్రభుత్వానిది మొదటి నుంచీ ఇదే పద్ధతి. ఒక్క సీజన్‌లో కనీసం 18 మంది ఆటగాళ్ళు చనిపోయిన 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ చట్టం తేలేదు, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ కాలేజీల వాళ్ళని వైట్ హౌస్‌కి భోజనానికి పిలిచాడు. మరుసటి ఏడాదే బంతిని ముందుకి విసిరే వీలు కల్పిస్తూ నియమాలు మారాయి, గుంపులు గుంపులుగా మీదపడడం తగ్గింది.

విచారణకి ఒక లోపం ఉంది, కెమెరాలు వెళ్ళిపోయాక ఎవరూ ఉండరు. 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌కి 3 కోట్ల డాలర్లు ఇస్తానంది. సీటీఈ మీద 1.6 కోట్ల డాలర్ల పెద్ద అధ్యయనం బోస్టన్ శాస్త్రవేత్తలకి వెళ్ళబోతుంటే, లీగ్ దాన్ని పక్కకి మళ్ళించాలని చూసిందని 2016లో కాంగ్రెస్ కమిటీ డెమొక్రాట్ల నివేదిక బయటపెట్టింది. చివరికి ఆ ఖర్చు ఎన్‌ఐహెచ్ తన డబ్బుతోనే భరించింది. అదే ఏడాది మార్చిలో మరో కమిటీ సమావేశంలో, ఫుట్‌బాల్‌కీ సీటీఈకీ సంబంధం ఉందా అని సభ్యురాలు జ్యాన్ షకౌస్కీ అడిగితే లీగ్ ఉపాధ్యక్షుడు జెఫ్ మిల్లర్ కచ్చితంగా ఉందన్నాడు. వెబ్‌స్టర్ పోయిన దాదాపు పద్నాలుగేళ్ళకి.

కోర్టుల సంగతి క్లుప్తంగా చెప్తాను. వేలమంది మాజీ ఆటగాళ్ళు వేసిన దావా 2013లో 76.5 కోట్ల డాలర్లకి రాజీ అయింది. ఆ డబ్బు చాలదేమోనని జడ్జి అనిటా బ్రోడీ మొదట ఆమోదించలేదు, తర్వాత ఆ పరిమితి ఎత్తేశారు. తప్పు చేశామని లీగ్ ఒప్పుకోలేదు. ఘోరమేమిటంటే, ఆ పరిహారం లెక్కల్లో నల్లజాతి ఆటగాళ్ళ మెదడు సామర్థ్యం మొదటే తక్కువని అనుకుని మార్కులు వేసే పద్ధతి వాడారు. మొదటే తక్కువ అనుకుంటే తగ్గిందని నిరూపించుకోవడం కష్టం. ఇద్దరు మాజీ ఆటగాళ్ళు 2020లో కేసు వేస్తేగానీ ఆ పద్ధతి పోలేదు. కోర్టు పర్యవేక్షణలో జరిగిందే ఇలా ఉంటే, ఎవరూ చూడని చోట ఏం జరుగుతుందో ఆలోచించండి.

ప్రభుత్వం నేరుగా లోపలికొస్తే అంతా బాగుపడుతుందా? దానికీ ఒక ఆట సాక్ష్యం. అమెరికాలో ప్రొఫెషనల్ బాక్సింగ్‌ని రాష్ట్ర ప్రభుత్వాల కమిషన్లు నడిపిస్తాయి. 1996 ఫెడరల్ చట్టం ప్రకారం బౌటు జరిగినంతసేపూ రింగ్ పక్కన డాక్టర్ ఉండాలి, అంబులెన్సో ప్రాణం నిలిపే పరికరాలున్న సిబ్బందో ఉండాలి, బీమా ఉండాలి. 2013 నవంబరు 2న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రష్యాలోని దాగెస్తాన్ నుంచి వచ్చిన బాక్సర్ మాగోమెడ్ అబ్దుసలామోవ్ పది రౌండ్లు ఆడి ఓడిపోయాడు. మొదటి రౌండు నుంచే ముఖం వాచింది. కమిషన్ డాక్టర్లు చూశారు, కుట్లు పడ్డాయి. కాసేపటికి మూత్రంలో రక్తం కనిపిస్తే కమిషన్ ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రికి వెళ్ళండన్నాడు. టాక్సీలో. భవనం బయట రోడ్డు మీద, శనివారం రాత్రి రద్దీలో, మెదడులో రక్తం గడ్డకడుతున్న మనిషిని పట్టుకుని వాళ్ళవాళ్ళు టాక్సీ కోసం చేయెత్తారు. ఆసుపత్రి చేరేసరికి ఆలస్యమైంది. అతను కోమాలోకి వెళ్ళాడు, మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేదు.

చట్టం ఉంది, ప్రభుత్వ డాక్టర్లున్నారు, అయినా ఇలా అయింది. దీన్ని చూపించి ప్రభుత్వం దండగ అనేవాళ్ళున్నారు. నేను తర్వాత జరిగింది చూస్తాను. ఆ డాక్టర్లు ప్రభుత్వం మనుషులు కాబట్టి రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరల్ దర్యాప్తు చేసి లోపాలన్నీ నివేదికగా బయటపెట్టాల్సొచ్చింది. 2017లో న్యూయార్క్ రాష్ట్రం ఆ కుటుంబానికి 2.2 కోట్ల డాలర్లు కట్టింది. ప్రాణాంతక మెదడు గాయానికి కనీసం 10 లక్షల డాలర్ల బీమా ఉండాలన్న నియమం వచ్చింది. ఆ బీమా ఖర్చు తట్టుకోలేక చిన్న ప్రమోటర్లు చాలామంది ఆ రాష్ట్రంలో బౌట్లు పెట్టడం మానుకున్నారు, అదీ నిజమే.

దాని పక్కన 2022 సెప్టెంబరు 25 పెట్టి చూడండి. మయామీ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) టువా టాగోవైలోవా తల నేలకి తగిలింది. లేచాడు, తల విదిలించాడు, నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. దేశమంతా చూసింది. అది వెన్నునొప్పి అన్నారు, రెండో సగంలో దింపారు. నాలుగు రోజులకే సిన్సినాటిలో మళ్ళీ పడ్డాడు. ఈసారి వేళ్ళు ముఖం ముందు వంకర్లు తిరిగి బిగుసుకుపోయాయి, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. విచారణ చేసింది లీగూ యూనియనూ కలిసి. ఆ రోజు అతన్ని చూసినవాళ్ళలో జట్టుతో సంబంధం లేని బయటి డాక్టర్ ఒకరున్నారు, ఆ డాక్టర్‌ని యూనియన్ తప్పించింది. మెదడు, నరాల సమస్య వల్ల తూలినట్టు తేలితే ఆ రోజుకి ఆట లేదని అక్టోబరు 8న నియమం మార్చారు. ప్రభుత్వ అధికారి ఎవరూ గుమ్మం తొక్కలేదు. ఏ కట్టడం దగ్గరో కూలీ పరంజా మీంచి పడి, నాలుగు రోజులకి అదే కూలీ మళ్ళీ పడితే ఇన్‌స్పెక్టర్ రాకుండా ఉంటాడా?

ఎన్‌ఎఫ్‌ఎల్ డాక్టర్‌కి జీతం ప్రభుత్వమే ఇవ్వాలని నేననడం లేదు. ఆయన "వద్దు" అన్నాక కోచ్ గానీ యజమాని గానీ ఆటగాడు గానీ "దించు" అనలేని బలం చట్టం నుంచి రావాలి, ప్రతి తల గాయం లెక్కా బయటివాళ్ళు చూసే చోట ఉండాలి అంటున్నాను. మా మేనల్లుడికి ఆ బలం ఉంది.

అక్క సంతకం పెట్టింది. ఆ అక్టోబరులో ఒక శుక్రవారం రాత్రి మ్యాచ్‌లో వాడు ఎవరినో ఢీకొట్టి, లేచి అవతలి జట్టు వైపు నడిచాడట. ఆటగాళ్ళ గాయాలు చూసే స్కూల్ ట్రైనర్ పరుగెత్తుకొచ్చి పక్కకి తీసుకెళ్ళింది. ఆవిడకి జీతమిచ్చేది కూడా ఆ స్కూలే. వాడు బాగానే ఉన్నానన్నాడు, ఏడ్చాడు, ఇంకా ఒక క్వార్టర్ ఉందన్నాడు. కోచ్ ఒకసారి ఇటు చూసి తల తిప్పుకున్నాడు. ట్రైనర్ వాడి హెల్మెట్ తీసి తన చంకలో పెట్టుకుంది, ఆట అయ్యేదాకా కింద పెట్టలేదని అక్క చెప్పింది.